చివరి రెండు మాటలు

పాదమంతా అతను పాడేవాడు,
చివరి రెండు మాటలు నేను.
ముప్పై ఒక్క ఏళ్ళు నా పని అంతే,
ఎల్డ్రిక్ బాస్కోంబ్ వెనక, మైకుకి అడుగున్నర ఎడంగా.

మా సెయింట్ విన్సెంట్ దీవిలో కందిరీగని
జాక్ స్పానియర్ అంటాం.
కార్నివాల్ టెంటులో అతని పేరు మైటీ జాక్ స్పానియర్.
ముందు వరసలో మంత్రి టై చూసి
నిలువుకాళ్ళ మీద ఆశువుగా నాలుగు పాదాలు కుట్టేవాడు.
మంత్రి నవ్వి తీరాలి,
నవ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టే.
తెల్లారేసరికి కింగ్‌స్టౌన్ చేపల బజారులో
ఆ టై ఎవరి సొమ్ముతో కొన్నదో
పిల్లలకి కూడా నోటికొచ్చేసేది.

డెబ్భై ఎనిమిది నవంబరులో టొరంటోలో దిగాం.
ఇక్కడ ఎవరి మెడ ఎక్కడుందో
కందిరీగకి తెలీదు.
హోటల్ విందుల్లో పూల చొక్కా తొడిగించి
కర్ర కింద వంగి దూరే ఆట ఏదీ అన్నారు.
వంగాడు. అద్దె కట్టాలి కదా.

హీటరు తిప్పని ఇంటి ఓనరు మీద
ఒక పాట కట్టాడు, మంచి పాట.
ఓనరు పెట్రుక్ గారు మొదటి బల్ల దగ్గరే కూర్చుని
కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి
"పాపం, ఎవడా పిసినారి?" అని నన్నే అడిగాడు.
ఆ రాత్రి బస్సులో
ఎల్డ్రిక్ ఒక్క మాటా మాట్లాడలేదు.

తర్వాత సోకా వచ్చింది.
వేగం పెరిగింది, మాటలు రాలిపోయాయి.
చేతులెత్తండి, ఊపండి. అంతే సాహిత్యం.
నాకే పని ఎక్కువైంది,
అన్నీ చివరి మాటలే మరి.
వారమంతా విమానాల దుప్పట్లు ఉతికి
ఆగస్టులో ఒక్క శనివారం
మోకాళ్ళకి పట్టీలు బిగించి లారీ ఎక్కేవాడు.

సొంత డబ్బుతో ఎల్పీ వేశాం, ఐదు వందలు.
నూట ముప్పై అమ్ముడుపోయాయి.
మిగతావి బేస్‌మెంటులో నీళ్ళొచ్చి ఉబ్బాయి.
ఒక్కటి మాత్రం
వాషింగ్ మెషీన్ కుంటి కాలి కింద మిగిలింది.

మొన్న బెర్లిన్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
ఇంకా గడ్డం సరిగ్గా రాలేదు.
మెషీన్ ఎత్తి, అట్ట తుడిచి,
గీతలున్నా పర్లేదని నాలుగు వందల డాలర్లు లెక్కపెట్టాడు.
"విదేశంలో మీ కెరీర్ ఎలా సాగింది?" అన్నాడు.
ఎల్డ్రిక్ నా వైపు చూశాడు.
నాకేమీ తోచక
టీ తాగుతావా బాబూ అన్నాను.

వాడు వెళ్ళాక బట్టలు వేశాను.
కాలి కింద ఎత్తు లేక
మెషీన్ దడదడలాడుతూ గోడ దాకా నడిచింది.
ఆపబోయాను. ఉండనీ, అన్నాడు గుమ్మంలోంచి.
స్పిన్ అందుకుంది.
మెడ కదిలింది, తర్వాత భుజం,
తర్వాత ఆ టై మీది పాదం,
మంత్రి పోయి ఇరవై ఏళ్ళయినా.

తడి తువ్వాలు చేతిలో పట్టుకుని
నా రెండు మాటల కోసం
నిలబడ్డాను.