వీపులు

కాసాబ్లాంకాలో కొత్త లాంజ్ తెరిచి తొమ్మిదో రోజు.
సోఫాల తోలు వాసన ఇంకా పోలేదు.
నవ్వడం, కార్డు చూడడం, దయచేయండి అనడం
నా పని.

వెనక సీట్లు నిండిపోయి
మాంట్రియల్ విమానంలో ముందు సీటు దక్కిందట ఒకాయనకి.
బూఅజ్జా అని ఉంది కాగితం మీద.
బొటనవేలికి గోరు సగమే ఉంది.

ఖర్జూరాల వైపు చూడలేదు,
పుదీనా టీ ఇస్తానన్నా వినలేదు.
తిన్నగా ఫౌంటెన్ వెనక గోడ దగ్గరికెళ్లి
అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.

ముట్టుకోకూడదండీ, అనబోయాను.

"ఇవి బోర్లా పేర్చాలమ్మా.
నీలమేదో ఆకుపచ్చేదో
వీపులు చూసి పోల్చుకోవాలి.
పద్నాలుగు నెలలు.
మమ్మల్ని పంపేసిన నాటికి
గోడకి ప్లాస్టిక్ కప్పి ఉంది,
దీపాలు పెట్టలేదు."

కుర్చీ ఈడ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.
ఫోన్లో బేరమాడుతున్న సూటాయన
తన సంచీ దగ్గరికి జరుపుకున్నాడు.

కాసేపటికి, మోకాలి ఎత్తున
బాదంగింజంత పసుపు ముక్కని వేలెత్తి చూపించాడు.
"మా ఇద్దర్ పెట్టాడది. తిరగబడింది.
ఎవరు చూస్తార్లే అన్నాడు వెధవ."
తిట్టు మధ్యలో నవ్వొచ్చింది ఆయనకి.

విమానం రెండుసార్లు పిలిచింది.
మూడోసారికి లేచాడు,
కుర్చీని ఉన్నచోటే పెట్టి మరీ.

ఆ గోడ పక్కనుంచే
రోజూ వందమందిని లోపలికి తీసుకెళ్తాను.
వేల ముక్కలట.
నాకు మాత్రం
ఆ ఒక్కటే కనబడుతుంది.