రంధ్రాన్వేషణ

పుంతా అరేనాస్‌లో అక్టోబరంటే గాలి నెల.
వీధి మలుపుల్లో మునిసిపాలిటీ వాళ్లు తాళ్లు కట్టారు
పట్టుకుని నడవమని.
నేనూ పట్టుకునే వచ్చాను ఆసుపత్రికి,
చంకలో మూడు కొటేషన్లు.

మా కంప్యూటర్లకు ఎక్కడెక్కడ చిల్లులున్నాయో
వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ కొనాలట.
కొనాల్సింది నేను.
దూది, సూదులు, సబ్బు, దుప్పట్లు
ఇరవై రెండేళ్లుగా గీచిగీచి బేరమాడినదాన్ని.
దుప్పటికి చిల్లుంటే
వెలుతురుకెత్తి చూస్తే తెలిసిపోతుంది.
దీన్ని ఎటు ఎత్తి చూడాలి?

మొదటి కంపెనీ కుర్రాడు సాంతియాగో నుంచి దిగాడు.
గాలికి చెదిరిన జుట్టు సర్దుకునేలోగా
ఆసుపత్రినంతా జల్లెడ పట్టి
నలభై ఒక్క వేల రెండు వందల ఆరు, అన్నాడు.
తెరంతా ఎరుపు.
మా దగ్గర ఎరుపు కనిపిస్తే పరుగెత్తాలి.
కంప్యూటర్ విభాగం అంటే నెల్సన్ బర్రియా,
ఒంటిపూట వచ్చే ఎదిత్.
నెల్సన్ ఆ అంకెను కాగితం మీద రాసి
రెండుతో భాగించి
పెన్ను మూత పెట్టేశాడు.

రెండోదానికి మనిషే అక్కర్లేదట.
చిల్లు కనబడగానే తనే అతుకేస్తుందట.
మూడు రాత్రులు ఉచితంగా వాడి చూడమన్నారు.
రెండో రాత్రి
రక్తపరీక్ష యంత్రానికి అతుకేసింది, సగం పరీక్షలో.
కమిటీ ముందు రాత్రి నర్సు మిరేయా చెప్పింది:
"ఏడుగురికి మళ్లీ సూది గుచ్చాను.
ఒక ముసలావిడ అడిగింది,
ఇందాక తీసిన రక్తం ఏమైంది తల్లీ అని."
ఆ ఏడు పోట్లు
కొటేషన్‌లో ఏ వరసలోనూ లేవు.
నేను వెతికాను.

మూడో ఆవిడ వాల్దీవియా నుంచి, వీడియోలో.
గాలికి మాట తెగిపోతోంది.
తన సరుకు చూపించలేదు, మమ్మల్నే అడిగింది:
"మీ దగ్గర ఎన్ని యంత్రాలున్నాయి?
ఏది ఆపితే... ఊపిరి...
దేన్ని ముట్టుకోకూడదు? ఎవరినడగాలి?"
డాక్టర్ వృసలోవిచ్ నన్ను చూశాడు.
నేను నెల్సన్‌ను చూశాను.
నెల్సన్ కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ
బాయిలర్ బెలార్మినో,
హీటరు బాగుచేయడానికి వచ్చినవాడు,
జేబులోంచి నూనె మరకల నోటుబుక్కు తీశాడు.
"మూడో అంతస్తు, ఎక్స్‌రే గది, తలుపు వెనక పాత పెట్టె.
చేసిన కంపెనీ మూతపడింది. కదిలించొద్దు.
పిల్లల వార్డు, కిటికీ పక్కది. రాత్రి ఆపొద్దు."
ప్లగ్గులు మార్చిన ప్రతి గదీ ఉంది అందులో,
ఎవరికి చెప్పి మార్చాడో ఆ పేరుతో సహా.

"మరి ఇది ఉండగా సాఫ్ట్‌వేర్ ఎందుకు?"
డాక్టర్ నవ్వాడు.
బెలార్మినో నవ్వలేదు.
"మార్చిలో నేను రిటైరవుతున్నాను సార్."

మొదటిదానికంటే పద్దెనిమిది లక్షల పేసోలు ఎక్కువ.
అయినా మూడోదాని మీదే సంతకం పెట్టాను.
ఒప్పందం కింద చేత్తో ఒక వాక్యం చేర్చాను:
ముందు బెలార్మినో నోటుబుక్కు ఎక్కించాలి.
వాళ్ల వకీలు అదేమిటని రెండుసార్లు ఫోన్ చేశాడు.

నెల తిరిగేసరికి మొదటి జాబితా వచ్చింది.
పంతొమ్మిది.
ఎరుపు లేదు, మామూలు నల్లక్షరాలు,
చిల్లు పక్కన దాని తాలూకు మనిషి.
పనిలో లొసుగులు వెతికేవాళ్లను
రంధ్రాన్వేషులని తిట్టుకుంటూ బతికినదాన్ని,
కళ్లజోడు పెట్టుకుని
ఎవరెవరు దొరికారా అని
కాస్త ఆత్రంగానే చదివాను.

ఆరో నంబరు
కొనుగోళ్ల విభాగం, ఫ్రెసియా మన్సియా.
లెక్కల ప్రోగ్రాము. నాలుగేళ్లుగా పాతదే.
"ఇప్పుడు కాదు, రేపు గుర్తుచేయి"
అన్న బొత్తాం
పొద్దున్నే కాఫీ చల్లారకముందే
నాలుగేళ్లు నొక్కింది ఈ వేలే.

నెల్సన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
ఏమీ అనలేదు. అంటే బావుండేది.
"ఎప్పుడు రమ్మంటారు?"
రేపు, అనబోయాను.

కుర్చీ వెనక్కి జరిపాను.
బయట గాలికి తాడు
ఎవరూ పట్టుకోకుండానే ఊగుతోంది.