నాదా

పోర్చుగీసులో ఆ మాటకి 'ఏమీ లేదు' అని అర్థం.
సావోపాలో వచ్చిన మొదటి వారం
పదకొండో అంతస్తు కిటికీ కింద,
మనిషన్నవాడు నిలబడే వీలే లేని చోట,
నిలువెత్తు నల్లక్షరాలు చూసి
నేను నా భాషలో చదువుకున్నాను:
నాదా?

రాసినవాడు ఝురాందీర్.
పగలు ఆ బీమా కంపెనీ మేడలోనే లిఫ్టు నడిపేవాడు.
ఇత్తడి పిడి తిప్పి
ఎవరి అంతస్తులో వాళ్లని దించేవాడు.
ఇరవై రెండేళ్లలో ఆయన పేరడిగింది ఇద్దరే,
అందులో ఒకడు పోలీసు.
రాత్రి అదే మేడ బయటినుంచి ఎక్కేవాడు,
చీపురుకర్రకి కట్టిన రోలరు వీపున,
నీళ్లు కలిపిన నల్లరంగు డబ్బా నడుముకి.
తెల్లారితే మళ్లీ యూనిఫాం.
గోళ్ల సందున నలుపేమిటంటే
"గ్రీజు" అనేవాడు.

తొంభై ఆరులో ఎడివాన్ జారిపోయాడు.
డబ్బా ముందు పడిందట, తర్వాత మనిషి.
ఆ సంగతి ఝురాందీర్ ఎత్తడు.
ఏటా జూన్ చలిలో మాత్రం
తన సంతకం పక్కన ఎడివాన్‌ది కూడా వేసేవాడు,
వాడి వాలుతోనే, వాడి తప్పుతోనే:
చివరి గీత ఎప్పుడూ జానెడు ఎక్కువ.

ఆ జానెడు ఇప్పుడు ఊరంతా ఉంది.
గ్రజావూలో తైనారా అనే పిల్ల, పందొమ్మిదేళ్లు,
గురువారం రాత్రుళ్లు మెట్లమీద కూచుని
కుర్రాళ్లకి కాగితాలమీద గీసిస్తుంది.
ఎక్కడ నేర్చావంటే గోడలకేసి గడ్డం ఎత్తుతుంది.
ఒక రొట్టెల కొట్టు బోర్డులో ఉంది,
ఒక నర్సు ముంజేతి పచ్చబొట్టులో ఉంది.
చచ్చినవాడి తప్పు
బతికున్నవాళ్లకి ఒరవడి అయింది.

కార్పొరేషన్ బూడిదరంగు పూస్తుంది.
రెండు వానలు పడితే నలుపు
పాత దగ్గులా మళ్లీ పైకొస్తుంది.

ఈ మార్చిలో పింఛను ఆఫీసు.
లిఫ్టు తనంతట తానే నడుస్తోంది.
మోకాళ్లు పోయినా ఆయన మెట్లే ఎక్కాడు.
గుమాస్తా ఫారం ముందుకి తోసింది.
"సంతకం. ఈ గడిలోనే."
పెట్టాడు. కార్డుమీదున్నదానితో కలవడం లేదంది.
మళ్లీ పెట్టాడు. కోడి కెలికినట్టొచ్చింది.
నలభై ఏళ్లు మనిషి పొడుగున రాసిన చెయ్యి,
రెండంగుళాల్లో ఒదగడం
దానికెవరూ నేర్పలేదు.

లేచాడు.
కాగితం గోడకి అదిమిపెట్టి
భుజం ఎత్తి ఒక్క ఊపున గీశాడు.
చివరి గీత గడి దాటింది,
కాగితం దాటింది,
సర్కారు గోడమీద జానెడు దూరం పోయి ఆగింది.

గుమాస్తా కళ్లద్దాలు తీసింది.
ఫారం చూసింది. గోడ చూసింది.
వరసలో ఎవరో దగ్గారు.
స్టాంపు ఎక్కడ వెయ్యాలో తెలియక
కాసేపలా గాల్లోనే పట్టుకుని ఉంది.