ఒక్క పేరు

మడివాళలో మా గది అగ్రిమెంటులో
ఓబులేసు పేరొక్కటే ఉంది.
ఓనరు రేవణ్ణ లెక్కకి
ఒక మనిషి, ఒక అద్దె, రెండు బిందెల నీళ్ళు.

లోపల నలుగురం, ఒకే పరుపు.
వంతులు మాలో మేమే వేసుకుంటాం.
మస్తాను లేస్తే నేను ఒరుగుతాను;
అతను మడిచిపెట్టిన పేజీ
తిరిగొచ్చేదాకా అలాగే ఉంటుంది.
కింద రేవణ్ణకి చప్పుడు కూడా చేరదు.

ఆఫీసులో నేను రాసేదీ ఇదే:
ఒక ప్రాసెస్, దాని కడుపులో
కెర్నెల్ ఎరగని థ్రెడ్లు.

నిన్న, ఉన్న ఒక్క తాళంచెవితో
ఓబులేసు సిల్క్‌బోర్డు వానలో ఇరుక్కున్నాడు.
మెట్ల మీద ముగ్గురం,
వాలుతున్న రెప్పలతో, సిద్ధంగా.

రేవణ్ణ పైకొచ్చాడు.
"ఓబులేసు ఇల్వా?" అని మమ్మల్నే అడిగి
మెట్ల దీపం ఆర్పేసి
దిగిపోయాడు.