సిమెంటు పార

మా తమ్ముడు ఏలుమలై అండమాన్‌లో
టూరిస్టుల్ని నీళ్ళలోకి దించే పని చేస్తాడు.
ఈసారి నాకు చీర తేలేదు,
ముక్కుతో సహా కప్పేసే కళ్ళద్దం తెచ్చాడు,
దానికో వంకర గొట్టం.
"ఇదేందిరా, సెలైన్ పైపా?" అన్నా.
"పగడాలు చూసే పైపక్కా."

తుమ్మలపెంటలో పగడాలు యాడుండాయి?
ఉండేది బురద,
ఆరేళ్ళ కిందట ఫిషరీసోళ్ళు
పంటు మీద తెచ్చి ముంచిపోయిన దిమ్మెలు,
బావి ఒరల్లాంటివి, తలుపుల్లేని గూళ్ళలాంటివి.
మావోళ్ళు దాన్ని సిమెంటు పార అంటారు.
వల తగులుకుంటే ఇంకో మాట అంటారు,
అది ఇక్కడ రాయను.

ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతుండా.
చెవులెత్తి ఎరుపు చూపించడం తెలుసు,
వేలితో నొక్కితే గుంట పూడిందో లేదో తెలుసు,
కావలి మార్కెట్లో ఏ ఇంటామె
వంజరం అడిగి కానగంతలతో సరిపెట్టుకుంటాదో తెలుసు.
తెలియంది ఒక్కటే,
బతికుండగా అవి ఏం చేస్తుంటాయో.

మాఘమాసం. గాలి పడిపోయిన పొద్దున.
నీరు తేటపడే రోజులు ఏడాదికి పదో పన్నెండో,
ఇదొకటన్నాడు సరంగు గోయిందసామి.
ఆడమనిషి పడవెక్కితే వలకి పాడంటారు గదా,
అందుకని ఆ రోజు వలే ఎక్కించలేదు.
నైటీ మీద వాడి టీషర్టు తొడుక్కున్నా.
నడుముకి తాడు కట్టాడు తమ్ముడు,
సంతకి తోలే ఎద్దుకి కట్టినట్టు.

ముందు గొట్టంలోకి ఉప్పునీళ్ళొచ్చాయి.
దగ్గా. తిట్టా. మళ్ళీ మొహం పెట్టా.
నా ఊపిరి నాకే వినపడింది,
గోడవతల ఎవరో ముసలామె గురకలాగా.

పచ్చటి పొగ. పొగలో ఇంకా పొగ.
ఉన్నట్టుండి కింద ఎవరో వత్తి ఎగదోసినట్టు
దిమ్మెలు లేచాయి.
సిమెంటు యాడా కనపడలేదు.
గుల్లలు, నాచు, ఊదారంగు మెత్తటిదేదో,
చంటిబిడ్డ వేళ్ళలా ముడుచుకుని విచ్చుకునే పువ్వొకటి.
పువ్వు కాదంట, జీవమంట,
పగడానికి చిన్నాయన కూతురంట.
తమ్ముడు పైకొచ్చాక చెప్పాడు.

గులివిందలు!
వేలసార్లు తూచినవి.
తట్టలో వాటి మీసాలు ఎండి గడ్డానికి అతుక్కుని ఉంటాయి,
చీపురుపుల్లతో పక్కకి తోసేస్తా.
ఇక్కడ ఆ మీసాలే వేళ్ళు.
ఇసుకంతా తడుముతుండాయి,
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు.
"కిలో నాలుగొందలు" అనబోయా.
గొట్టంలో మాట పలకదు.

పారల గుంపు నా చుట్టూ తిరిగింది.
తెడ్డేసేవాడు లేకుండా, కేకేసేవాడు లేకుండా
అన్నీ ఒక్కసారే మళ్ళాయి.
ఒకటి ఆగి నన్ను చూసింది.
నిండు కన్ను, తడిగా, నల్లగా.
మా తట్టల్లో చేపలకి అట్టాంటి కన్ను ఉండదు.
నన్ను తూచిందో ఏమో,
కొనకుండా పోయింది.

ఆ మూల గూటికి చుట్టుకుని
నీలం వల.
ముడి చూసి గుర్తుపట్టా, ఎడంచేతి ముడి, నాదే.
నాలుగేళ్ళ కిందట పోయిందని ఏడ్చిన వల,
దాని అప్పు మొన్న దసరాకి తీరింది.
మనుషుల్లేకుండా, పడవ లేకుండా
అదింకా చేపలు పడుతోంది.
లోపల పీతల డొల్లలు,
ఒక తాబేలు చిప్ప, ఖాళీగా.

తాడు మూడుసార్లు లాగా.
తమ్ముడు కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని మునిగాడు.
నాలుగు దమ్ములకి సగం కోశాడు.
మిగతా సగం అట్నే ఉండాది.

మర్నాడు కావలిలో
టీచరమ్మ అడిగింది, "తాజావేనా?"
చెవి ఎత్తి చూపించా.
మీసాలు తోయబోయి చెయ్యి ఆగింది.
అట్నే తూచా.
"మూడొందలకియ్యి" అంది.

నాలుగొందలన్నా.
ఆమె బేరమాడింది,
నేను తగ్గలా.