ఎర్ర అట్ట

సంతపేటలో నా కుట్టుమిషను వెనక
ఒక ఇనుప బీరువా ఉండాది.
గుడ్డలు పెట్టుకోమని మా అత్త ఇచ్చింది.
నేను నోటుబుక్కులు పెట్టినా.

నల్లగుర్రం రౌతు సీరియలు నడిమధ్యలో ఆగి
పదకొండేళ్ళు.
వారపత్రిక మూతబడింది,
రౌతు కొండ అంచున గుర్రం మీదనే ఉండిపోయినాడు.
దించేవాళ్ళు లేక మేమే దించినాము.
పలమనేరు కండక్టరు ఒకాయన వానికి పెళ్ళి చేసినాడు,
పుంగనూరు టీచరమ్మ విడాకులిప్పించింది,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నైటు డ్యూటీ సెల్వరాజు
మూడుసార్లు చంపి, సీజను అయిపోయినాక
తీరిగ్గా మూడుసార్లు బతికించినాడు.
రెండొందల పద్నాలుగు పుస్తకాలు.
తాళంచెవి నా కొంగున.

రక్తం ఎక్కువైనవాటికి,
పడకటింటి తలుపు తెరిచిపెట్టినవాటికి
మిగిలిన ఎర్ర లైనింగు గుడ్డతో అట్ట వేసినా.
పద్దెనిమిది దాటినోళ్ళకే.
దాటినారో లేదో ఎట్లా తెలిసేది?
నడుము కొలుస్తుంది నా టేపు, భుజం కొలుస్తుంది,
వయసు దగ్గిర మెలికపడుతుంది.
అడుగుతా, చెప్తారు, రాసుకుంటా.
ఇంటరు పిలకాయలంతా నా రిజిస్టర్లో
ఒకే రోజు పుట్టినారు.

కోటుకు గుండీ కుట్టించుకోను వచ్చి
ఏకాంబరం వకీలు అన్నాడు:
"తప్పు రాసినోళ్ళదా, దాచినోళ్ళదా, చేతికిచ్చినోళ్ళదా అని
జడ్జి అడిగితే ఏం చెప్తావమ్మా?
సంతకం తీసుకో.
బాధ్యత నాది కాదని పైన ఒక ముక్క రాసిపెట్టు."
రాసిపెట్టినా, బీరువా తలుపు మీద,
గుడ్డకు గీతలు గీసే సుద్దతో.

బడులు తెరిచిన వారం నటేశ వచ్చినాడు.
చేతిలో ఎర్ర అట్ట.
"నా కూతురి పరుపు కింద దొరికింది.
దానికి పదహైదేళ్ళు.
ఎవురిచ్చినారు? ఎవురు రాసినారు? కేసు పెడతా."
అడగాల్సిన మాటే. తండ్రి అడగాల్సిన మాటే.
తలొంచుకోని పుస్తకం తెరిచినా.

ఎవరో జాకెట్టు గుడ్డ మడతలో పెట్టి పంపిన కథ అది.
రౌతు చిన్నప్పటి కథ.
వాళ్ళ నాయిన బెల్టు తీస్తాడు,
రౌతు గోడ మీద పల్లీ కాళ్ళు లెక్కపెడతాడు.
ఎడమ రెక్క కింద, మూడు వేళ్ళ వెడల్పు,
చివర బకిలు పడిన చోట గుండ్రంగా.

మూడు వేళ్ళు.
పోయిన సోమవారం యూనిఫారానికి కొలత తీస్తా ఉంటే
నా టేపు ఆగింది అక్కడే.
"కుట్టిందక్కా, చీమ" అనింది వేదమణి.

"రిజిస్టరు చూపించు."
చూపించినా.
వేదమణి. వయసు పద్దెనిమిది. కింద వంకర సంతకం.
తాను రాసింది తాను చదువుకోను
మూడేళ్ళు అబద్ధమాడాల్సి వచ్చింది ఆ బిడ్డకు,
నేను పెట్టిన రూలుకు.

"రాసినోళ్ళ పేరు యాడ?"
ఆ గడి ఖాళీ.
చెవి వెనక పెన్సిలు వద్దని, పెన్ను తీసి రాసినా.
కుప్పమ్మాళ్. నలభై ఏడు.
"నేనే రాసినా నటేశా. పెట్టు కేసు.
కోర్టులో పేజీ పేజీ చదివి వినిపిస్తారంట.
నువ్వూ రా, ముందర కూచో."
వాని చెయ్యి నడుము మీదికి పొయ్యింది,
బెల్టు సరిచేసుకోని
పుస్తకం వదిలేసి మెట్లు దిగినాడు.

సాయంత్రం మిషను మూసి
గ్రీమ్స్‌పేట దాకా నడిచిపోయినా.
"పైన ఏం రాయమంటావు?" అన్నాడు వకీలు.
"బాధ్యత నాది, అని మొదలుపెట్టండి" అన్నా.
ఆయన కళ్ళజోడు తుడిచి, తుడిచి,
ఎర్ర అట్ట పుస్తకం దగ్గిరికి లాక్కున్నాడు.

వేదమణి యూనిఫారం అయిపోయింది.
వీపు దగ్గిర అంగుళం వదులు పెట్టినా, ఒరుసుకోకుండా.
గురువారం వస్తానని చెప్పింది.
ఇవాళ శుక్రవారం.