బంతికి సముద్రం గుర్తొస్తుంది

పెట్టె మీద రాసి ఉంటుంది: మూడేళ్లు దాటినవారికి.
ఏ కొండ మీది మూడేళ్లో మాత్రం రాయరు.

వల్పరాయిసోలో, మా శిశువిహారం వాకిట్లో
బంతిని అలా నేల మీద పెడితే చాలు,
దానికి సముద్రం గుర్తొస్తుంది.
మెట్లు మెట్లుగా, కుక్కల మధ్యగా,
ఆరేసిన దుప్పట్ల కిందుగా దొర్లిపోయి
ఎలెయుతేరియో చెప్పుల కొట్టు దగ్గర ఆగుతుంది.
నెలాఖరున ఆయన గోనెసంచిలో వేసి పంపుతాడు.
పదకొండు బంతులు. ఒకసారి ఎవరిదో నిమ్మకాయ.

అందుకని ఈ మార్చిలో, బడి తెరిచే ముందు,
ఏ ఆటలు ఉండాలో రాయమంది ఎదెల్మిరా.
రాశాను.
బంతి: వద్దు.
గోలీలు: అదే గతి, పైగా రెనాటో నోట్లో పెట్టుకుంటాడు.
గాలిపటం: కరెంటు తీగలు.
బొంగరం: ఉండనీ, తాడు మాత్రం పొట్టిది.
దాగుడుమూతలు: దీనికి ధీమాగా టిక్కు పెట్టాను.
పైసా ఖర్చు లేదు, మోకాళ్లు చెక్కుకుపోవు,
ఎవరికీ నేర్పక్కర్లేదు.

ఎదెల్మిరా నా చేతిలో పెన్ను తీసుకుని
ఆ ఒక్క వరుసా కొట్టేసింది.
తర్వాతెప్పుడో, పాల గ్లాసులు కడుగుతూ,
నా వైపు తిరగకుండా చెప్పింది:
పైకొండ తగలబడిన రాత్రి
మిలెన్కా మంచం కింద దాక్కుందట.
ఎంత పిలిచినా పలకలేదట,
పలికితే ఓడిపోతానని.
దొరికింది. దొరికిందిలే, చివరికి.

నాలుగు గ్లాసుల దాకా నీళ్ల చప్పుడే.

గురువారం పొగమంచు. ఓడల కూతలే తప్ప ఓడల్లేవు.
నేను పాలు కాస్తున్నాను, అంతలో
ఎవరు విప్పారో ఆ గోనెసంచి, ఎవరూ ఒప్పుకోరు.
వెళ్లి చూస్తే రెనాటో పైమెట్టు మీద,
ఒక్కొక్కటే వదులుతున్నాడు.
ఏడు మెట్ల కింద, గౌను అంచు రెండు చేతులా పట్టుకుని
మిలెన్కా.
పడ్డ ప్రతి బంతికీ, కొండ దద్దరిల్లేలా,
"దొరికింది!"
పడనివే ఎక్కువ. వాటికీ అదే అరుపు.

ఆపాల్సింది. మెట్లు తడిగా ఉన్నాయి.
ఆపలేదు.
వెళ్లి ఎనిమిదో మెట్టు మీద కూర్చున్నాను,
జారితే నామీద పడుతుందని.

సాయంత్రం జాబితా తీశాను. ఈ ఆటకు పేరేమిటి?
వయసెంత అని రాయాలి?
పెన్ను కొరుకుతుండగా
కింద నుంచి ఎలెయుతేరియో కేక:
అమ్మాయిలూ, ఈసారి ఒకటి
నేరుగా బంక డబ్బాలో పడిందర్రా!